బాస్ చేపకు గాలం: ముందు నీటిని చూడండి, రాడ్డు తరవాత కొనవచ్చు

డాలస్ ఉత్తర శివార్లలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చిన్న చెరువు ఉంటుంది. వాననీరు నిలవడానికి కాలనీ కట్టినవాళ్లు తవ్వించిన గుంట అది. సాయంత్రం దాని చుట్టూ నడుస్తుంటే, పక్కింటి కుర్రవాడు బాస్ అనే మంచినీటి చేపను, రెండు పౌండ్లదాన్ని పైకి తీసి, పెదవి పట్టుకుని చూపించి మళ్లీ నీళ్లలోకి వదిలేస్తాడు. ఆ మరునాడే నాకు ఫోను వస్తుంది: "అన్నా, ఏ రాడ్డు కొనాలి?"

ఆ ప్రశ్నే తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. దుకాణంలో వస్తువులు అమర్చిన వరుసలోనే మనం ఆలోచిస్తాం. ముందు రాడ్డు, అంటే గాలపు కర్ర, దానికి దారం చుట్టే రీలు, చివర గోడకు వేలాడే రంగురంగుల ల్యూర్లు, అంటే ఉత్తుత్తి ఎరలు. బాస్ విషయంలో దీన్ని వెనక నుంచి చదవాలి. నేను ఏ నీటి ఒడ్డున నిలబడబోతున్నాను? ఆ నీటిలో ఏ ల్యూరు పనిచేస్తుంది? ఆ బరువున్న ల్యూరును విసరగల రాడ్డు ఏది? రీలు వంతు అన్నిటికన్నా చివర. నేను మొదటి ఏడాది ఈ వరుస తెలియక పోగేసిన సామాను గ్యారేజీలో ఒక అల్మరా నిండా ఉంది. అందులో సగానికి ఇప్పటికీ చేప వాసన తగలలేదు.

కొర్రమీను తెలిసినవాళ్లకు బాస్ కొత్త కాదు

ఊళ్లో చెరువు గట్టు మీద కొర్రమీనుకు గాలం వేసినవాళ్లకు బాస్ స్వభావం చెప్పనక్కర్లేదు. రెండూ మాటు వేసి కొట్టే చేపలే. తుంగ పక్కన, తామరాకు నీడలో, మునిగిన మొద్దు చాటున కదలకుండా ఉండి, కప్పో చిన్న చేపో అందేంత దగ్గరకు వచ్చినప్పుడు ఒక్క ఉరుకు ఉరుకుతాయి. తేడా నోటిలో ఉంది. కొర్రమీను నోట్లో వేలు పెడితే నెత్తురు చూడాల్సిందే. బాస్ పళ్లు గరుకు కాగితంలా ఉంటాయి, కింది పెదవిని బొటనవేలితో నిశ్చింతగా పట్టుకోవచ్చు.

కాబట్టి బెండు కట్టి, వానపాము గుచ్చి, అది మునిగేదాకా కూర్చునే పద్ధతి ఇక్కడ అంతగా సాగదు. చేప దగ్గరకు మనమే వెళ్లాలి, దాని చాటు పక్కగా ఎరను నడిపించాలి. గంటలో వంద సార్లు విసిరి చుట్టాలి. చేతికి బరువైన సామాను అరగంటలోనే విసుగు పుట్టించేది ఇందుకే.

ప్రపంచ రికార్డు బాస్ 1932లో జార్జియా రాష్ట్రంలో దొరికింది. 22 పౌండ్ల 4 ఔన్సులు. పట్టిన రైతు దగ్గర, అతనితో వచ్చిన స్నేహితుడి దగ్గర, ఇద్దరికీ కలిపి ఒకటే రాడ్డు, ఒకటే ల్యూరు ఉన్నాయని చెబుతారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో దానికి సమానమైన చేప పడేదాకా ఆ రికార్డును ఎవరూ అందుకోలేదు. దుకాణానికి బయలుదేరే ముందు నేను ఈ కథ ఒకసారి గుర్తు చేసుకుంటాను. ఫలితం మాత్రం పెద్దగా ఉండదు.

మీ నీరు ఏది?

కాలనీ చెరువులో లోతు తక్కువ, అంచున నాచు ఎక్కువ. చేపలు ఒడ్డుకు పది అడుగుల్లోనే ఉంటాయి, మన నీడ పడితే బెదురుతాయి. ఇక్కడ తేలిక ల్యూరు, చప్పుడు లేకుండా పడేది కావాలి.

లూయిస్‌విల్, రే రాబర్ట్స్ లాంటి పెద్ద జలాశయాల సంగతి వేరు. టెక్సాస్‌లో పెద్ద సరస్సులన్నీ దాదాపు ఆనకట్టల వెనక నిలిచిన నీరే. గాలి బలంగా వీస్తుంది, నీరు తరచుగా మట్టిరంగులో ఉంటుంది, ఒడ్డున ఆనకట్ట రాళ్లు ఉంటాయి. తేలిక ల్యూరును ఎదురుగాలి తిరిగి మన మొహం మీదికే తెస్తుంది. కాస్త బరువున్నది, నీటిలో అదురు పుట్టించేది ఇక్కడ మేలు.

డాలస్‌కు తూర్పున గంటన్నర ప్రయాణంలో ఉన్న లేక్ ఫోర్క్ మూడో రకం. 1980లో ఆనకట్ట కట్టి నీరు నిలిపిన ఈ సరస్సులో చెట్లు కొట్టకుండానే చాలా భాగం ముంచేశారు. మోడులు ఇప్పటికీ నీటి మీద నిలబడి ఉంటాయి. 1992లో టెక్సాస్ రాష్ట్ర రికార్డు బాస్, 18.18 పౌండ్లది, ఇక్కడే దొరికింది. ఇక్కడ చేప తగలగానే చెట్టు వైపు లాగుతుంది. గట్టి లైను (గాలపు దారం), గట్టి రాడ్డు లేకపోతే చేప, ల్యూరు రెండూ పోతాయి.

ఆస్టిన్ వైపు ఉన్నవాళ్లకు ఇంకొకటి ఉంది. కొండ ప్రాంతపు వాగుల్లో గ్వాడలూప్ బాస్ అనే చిన్న జాతి ఉంటుంది. 1989 నుంచి అది టెక్సాస్ రాష్ట్ర చేప. తెలంగాణకు కొర్రమీను ఎలాగో దీనికి అదే హోదా. పౌండు తూగితేనే పెద్దది. దానికి లేక్ ఫోర్క్ సామాను తీసుకెళ్లడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

ల్యూర్లు: అయిదు చాలు, నిజానికి మూడు చాలు

మెత్తని ప్లాస్టిక్ పురుగుతో మొదలుపెట్టండి. అయిదు అంగుళాల పొడవు, పెన్సిలంత లావు, తోకా కాళ్లూ ఏమీ లేని సాదా కడ్డీ. గ్యారీ యమమోటో సంస్థ సెంకో పేరుతో అమ్మేది ఇదే. ఇతర సంస్థలవీ ఉన్నాయి, చవక కూడా. చూస్తే దీనికి చేప పడుతుందని నమ్మకం కలగదు. నడుము దగ్గర కొక్కెం గుచ్చి నీటిలో వేసి ఊరుకుంటే, రెండు చివరలూ వణుకుతూ మెల్లగా దిగుతుంది. ఆ వణుకే దాని పని. దీన్ని వాకీ రిగ్ అంటారు. చెరువు ఒడ్డున మొదటి చేప పట్టాలనుకునేవాళ్లకు ఇంతకు మించినది నేను చూడలేదు. కష్టం ఒక్కటే, మనం ఏమీ చేయకుండా ఉండాలి. విసిరిన వెంటనే చుట్టేయాలన్న ఆత్రాన్ని అణచుకోవాలి.

అదే పురుగును నాచులో, మోడుల మధ్య వేయాలంటే టెక్సాస్ రిగ్. తూటా ఆకారపు బరువు ముందు ఉంటుంది, కొక్కెం మొనను పురుగు ఒంట్లోకే దాచేస్తారు. నాచు తగులుకోదు. పేరు ఈ రాష్ట్రానిదే, ప్లాస్టిక్ పురుగు మాత్రం ఓహైయోలో పుట్టింది. 1949లో నిక్ క్రీమ్ అనే ఆయన పోత పోయడం మొదలుపెట్టారు. తరవాత ఆ సంస్థ టెక్సాస్‌లోని టైలర్ పట్టణానికి తరలి వచ్చింది.

రెండోది స్పిన్నర్‌బెయిట్. వంచిన తీగకు ఒక వైపు తల, రబ్బరు కుచ్చు, కొక్కెం. ఇంకో వైపు గిర్రున తిరిగే రేకులు. గాలి వీచే రోజు, మట్టినీరు ఉన్న రోజు ఇదే నా చేతిలో ఉంటుంది. విసిరి చుట్టడమే, విద్య అక్కర్లేదు. తీగ వంపు అడ్డం ఉండడంతో కొమ్మల్లో అంతగా ఇరుక్కోదు. చేప దీన్ని కనపడకముందే ఒంటికి తగిలే అదురుతో గుర్తిస్తుంది. ఇదే పని చేసే చాటర్‌బెయిట్ అనే ఇంకో రకం ఉంది. రెండిటిలో ఏది మేలన్నది ఇక్కడి వేటగాళ్ల మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ. నాచు ఎక్కువైతే చాటర్‌బెయిట్, కొమ్మలు ఎక్కువైతే స్పిన్నర్‌బెయిట్ అని నేను తేల్చుకున్నాను.

మూడోది క్రాంక్‌బెయిట్. చెక్కతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన చిన్న చేప బొమ్మ. మూతి దగ్గరి పలక ఎంత పొడవుంటే అంత లోతుకు మునుగుతుంది. రాళ్లున్న ఒడ్డున పలక రాయికి తగిలి పక్కకు తుళ్లినప్పుడే తరచుగా చేప కొడుతుంది. పలక లేని, లోపల గుళ్లు గలగలలాడే రకాన్ని ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎర్ర రంగులో వాడతారు. అప్పుడు బాస్‌లు గుడ్లు పెట్టడానికి లోతు నుంచి ఒడ్డు వైపు వస్తుంటాయి. ఈ ల్యూర్లకు మూడు మొనల కొక్కేలు రెండేసి ఉంటాయి. పిల్లలు పక్కన ఉన్నప్పుడు నేను వీటిని పెట్టె నుంచి తీయను.

నాలుగోది రబ్బరు కప్ప. దాని సంగతి వేరే చెప్పాలి. లోపల బోలుగా ఉండే మెత్తని కప్ప, కొక్కేలు రెండూ వీపుకు ఆనుకుని పైకి చూస్తుంటాయి. దట్టమైన నాచు మీద కూడా ఎక్కడా తగలకుండా గెంతించుకుంటూ రావచ్చు. వేసవి తెల్లవారుజామున నాచు చాప పగిలి నీళ్లు ఎగిసిపడిన ఆ చప్పుడు విన్నవాళ్లు మిగతా ల్యూర్లను చులకనగా చూడడం మొదలుపెడతారు. నేనూ చూశాను. కాని పడిన చేపలను లెక్కపెడితే కప్ప వెనకబడుతుంది. పది సార్లు కొడితే సగం జారిపోతాయి. నీళ్లు ఎగిసిన వెంటనే లాగేయడం మన తప్పు. ఒక్క క్షణం ఆగి, లైను బరువెక్కిన తరవాత లాగాలి. ఇది చెప్పడం తేలిక. నాకు మూడు వేసవులు పట్టింది.

అయిదోది జిగ్. సీసం లేదా టంగ్‌స్టన్ తల, రబ్బరు కుచ్చు, వెనక క్రాఫిష్ (రొయ్యను పోలిన మంచినీటి జీవి) ఆకారపు ప్లాస్టిక్ ముక్క. పెద్ద చేపలకు పేరున్నది, నేర్చుకోవడానికి అన్నిటికన్నా కష్టమైనది. అడుగున పాకిస్తూ ఉండగా చేప అందుకున్నది తెలియడమే గగనం. మొదటి ఏడాది కొనకండి.

రంగు గురించి రాయాలంటే ఒక పుస్తకం అవుతుంది. రాయను. నీరు తేటగా ఉంటే ఆకుపచ్చ, గోధుమ కలిసిన మందరంగు. మట్టిగా ఉంటే నలుపు నీలం, లేదా కొట్టొచ్చినట్టు కనపడే పసుపుపచ్చ. మిగతా నలభై రంగులు చేపల కోసం చేసినవి కావు.

ఒక హెచ్చరిక. ప్లాస్టిక్ పురుగులను కొన్న సంచుల్లోనే ఉంచండి. కొన్ని బాగా సాగే రకాలు మామూలు ప్లాస్టిక్‌తో కలిస్తే రెండూ కరిగి జిగురవుతాయి. ఆ సంగతి తెలియక నేను అన్నిటినీ ఒకే పెట్టెలో సర్ది, జూలై ఎండలో కారులో వదిలాను. పెట్టెతో సహా పారేయాల్సి వచ్చింది.

రాడ్డు: పిడి పైన రాసింది చదవండి

పిడికి కాస్త పైన చిన్న అక్షరాల్లో రెండు జతల అంకెలు ఉంటాయి. ఆ రాడ్డు ఎంత బరువున్న ల్యూరును విసరగలదో, ఎంత బలమున్న లైనుకు పనికొస్తుందో. పైన చెప్పిన వరుస అక్కరకొచ్చేది ఇక్కడే. మీరు ఎంచుకున్న ల్యూర్ల బరువు ఆ ల్యూరు అంకెల మధ్య ఉందా? ఉంటే రాడ్డు మీది. లేకపోతే అది ఎంత అందంగా ఉన్నా అక్కడే పెట్టేయండి.

పవర్ అంటే రాడ్డును వంచడానికి ఎంత బలం కావాలన్నది. యాక్షన్ అంటే అది ఎక్కడి నుంచి వంగుతుందన్నది. ఫాస్ట్ రాడ్డు కొస దగ్గరే వంగుతుంది, మోడరేట్ రాడ్డు నడుము నుంచి వంగుతుంది. ఒంటి కొక్కెం ఉన్న పురుగుకు ఫాస్ట్ కావాలి, ఎందుకంటే మొన దవడలోకి ఒక్క ఊపున దిగాలి. చిన్న కొక్కేలున్న క్రాంక్‌బెయిట్‌కు మోడరేట్ మేలు. గట్టి రాడ్డుతో లాగితే ఆ కొక్కేలు చేప నోటి నుంచి ఊడిపోతాయి. కప్పకు మాత్రం హెవీ పవర్. నాచుతో సహా చేపను పైకి తీయాలి కదా.

ఒక్కటే కొనేవాళ్లకు 7 అడుగుల మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్ స్పిన్నింగ్ రాడ్డు (స్పిన్నింగ్ అంటే ఏమిటో రీళ్ల దగ్గర చెబుతాను). వాకీ రిగ్, తేలిక టెక్సాస్ రిగ్, చిన్న స్పిన్నర్‌బెయిట్, చిన్న క్రాంక్‌బెయిట్ అన్నీ దానితో సాగుతాయి. కప్ప, బరువైన జిగ్ సాగవు. అంతే.

గ్రాఫైట్ తేలిక, చేప ముట్టింది చేతికి తెలుస్తుంది, కాని పెళుసు. ఫైబర్‌గ్లాస్ బరువు, మొద్దు, కాని తేలిగ్గా విరగదు. రెండూ కలిపి చేసిన అగ్లీ స్టిక్ లాంటివి 50 డాలర్ల దరిదాపుల్లో దొరుకుతాయి, పదేళ్లు వస్తాయి. నా అనుభవంలో రాడ్లను విరిచేది చేపలు కాదు, కారు తలుపులు, సీలింగు ఫ్యాన్లు. చిన్న కారు ఉన్నవాళ్లు రెండు ముక్కలుగా విడదీసే రాడ్డు తీసుకోండి. దానితో పట్టు తగ్గుతుందన్న మాట పాతకాలానిది.

రీలు: మూడు రకాలు, ఒక తగువు

స్పిన్‌క్యాస్ట్ అంటే మూత ఉన్న రీలు. వెనక మీట నొక్కి విసిరితే సరి. దీన్ని జనంలోకి తెచ్చిన జెబ్కో సంస్థ అసలు పేరు జీరో అవర్ బాంబ్ కంపెనీ. ఓక్లహోమాలోని టల్సాలో నూనె బావులకు పేలుడు పరికరాలు చేసేవాళ్లు. 1949లో రీళ్లలోకి దిగారు. ఆరేడేళ్ల పిల్లలకు ఇది బంగారం. పెద్దవాళ్లకు త్వరగానే చాలదనిపిస్తుంది. దూరం వెళ్లదు, లోపల లైను మెలికపడితే మూత విప్పేదాకా తెలియదు.

అసలు తగువు స్పిన్నింగ్‌కూ బెయిట్‌క్యాస్టర్‌కూ మధ్య. స్పిన్నింగ్ రీలు రాడ్డు కింద వేలాడుతుంది. విసిరినప్పుడు లైను చుట్టి ఉన్న చుట్ట కదలదు, లైను దాని అంచు మీదుగా జారిపోతుంది. అందుకే తేలిక ల్యూరు కూడా హాయిగా వెళుతుంది. అరగంటలో ఎవరికైనా వస్తుంది. చేతిపిడిని ఎడమకో కుడికో మార్చుకోవచ్చు.

బెయిట్‌క్యాస్టర్ రాడ్డు పైన కూర్చుంటుంది. విసిరినప్పుడు దాని చుట్ట కూడా తిరుగుతుంది. ల్యూరు గాలిలో నెమ్మదించినా చుట్ట అదే వేగంతో తిరుగుతుంటే లైను లోపలే పోగుపడి చిక్కవుతుంది. ఇక్కడివాళ్లు దాన్ని పక్షిగూడు అంటారు. బొటనవేలితో చుట్టను అదుపు చేయడం ఇందులోని విద్య. అది వచ్చాక లాభం పెద్దదే. బరువైన లైను వాడవచ్చు, ల్యూరును పళ్లెంలో పెట్టినట్టు అనుకున్న చోట వేయవచ్చు, చెట్ల మధ్య నుంచి చేపను ఈడ్చవచ్చు. కాని పావు ఔన్సు కన్నా తేలికైనవాటిని మామూలు బెయిట్‌క్యాస్టర్‌తో విసరడం నరకం. చేతిపిడి కూడా మార్చలేం, కొనేటప్పుడే కుడిదో ఎడమదో చూసుకోవాలి.

నా తీర్పు ఇది. ఒడ్డు నుంచి, వారానికి ఒక సాయంత్రం వెళ్లేవాళ్లు స్పిన్నింగ్‌తో జీవితాంతం సుఖంగా ఉండవచ్చు. స్నేహితుడి పడవ ఉంది, లేక్ ఫోర్క్ లాంటి చోట్లకు వెళతాం, కప్ప రుచి తగిలింది అన్నవాళ్లు రెండో సామానుగా బెయిట్‌క్యాస్టర్ తీసుకోండి. టోర్నమెంట్ వీడియోలు చూసి మొదటిదిగా తీసుకోకండి. అలా తీసుకున్న మిత్రుడు ఒకరు మొదటి రోజు రెండు గంటలు విసరలేదు, ఒడ్డున కూర్చుని చిక్కు విప్పారు. ఆయన భార్య పిల్లాడి మూత రీలుతో రెండు చేపలు పట్టారు.

స్పిన్నింగ్‌లో 2500 సైజు సరిపోతుంది. పెట్టె మీద బేరింగులు ఎన్ని ఉన్నాయో పెద్దగా రాస్తారు, ఆ అంకెను నమ్మి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైనును కొంచెం కొంచెంగా వదిలే ఏర్పాటు) నునుపుగా జారుతోందా, చేతిపిడి ఊగుతోందా అన్నవి దుకాణంలోనే చేతితో చూడండి. బెయిట్‌క్యాస్టర్‌లో 7:1 దరిదాపు వేగం, అంటే చేతిపిడి ఒకసారి తిప్పితే చుట్ట ఏడు సార్లు తిరిగేది, అన్నిటికీ పనికొస్తుంది.

లైనుకు పిసినారితనం వద్దు

చేపకూ మనకూ మధ్య ఉన్నది లైనే. రీలుతో పాటు వచ్చే చవక లైనును తీసి పారేయండి. మోనో, అంటే మామూలు నైలాన్ లైను, సాగుతుంది, త్వరగా మునగదు, కొత్తవాళ్ల తప్పులను క్షమిస్తుంది. ఫ్లోరోకార్బన్ మునుగుతుంది, నీటిలో అంతగా కనపడదు, కాని ముడి వేసే ముందు తడపకపోతే అక్కడే తెగుతుంది. అల్లిన లైను, అంటే బ్రెయిడ్, అసలు సాగదు. సన్నగా ఉండి చాలా బలం.

స్పిన్నింగ్ మీద 10 పౌండ్ల బ్రెయిడ్, చివర ఆరేడు అడుగుల 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్. చుట్ట మీద ముందు కొంచెం మోనో చుట్టాలి, లేదంటే బ్రెయిడ్ మొత్తం చుట్ట మీద జారుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక రీలు పాడైందని తిరిగి ఇచ్చేసినవాళ్లున్నారు. కప్పకు 50 పౌండ్ల బ్రెయిడ్, ముందు ఇంకేమీ లేకుండా నేరుగా. ల్యూరు కట్టడానికి పాలోమార్ అనే ముడి ఒక్కటి నేర్చుకుంటే చాలు.

చేతిలో 100 డాలర్లుంటే

50, 60 డాలర్లకు రాడ్డు రీలు కలిపి ఇచ్చే స్పిన్నింగ్ సెట్టు, 15కు లైను, మిగిలినదానిలో ఒక సంచి పురుగులు, వాటి కొక్కేలు, ఒక స్పిన్నర్‌బెయిట్, కొక్కెం తీసే పట్టకారు. పట్టకారు మరిచిపోవద్దు. రెండు వందల యాభై పెట్టగలిగినా నేను రెండు రాడ్లు కొనమనను. అదే ఒక్క సెట్టును మంచిది తీసుకోండి. మిగిలిన డబ్బుతో పెట్రోలు పోయించుకుని నాలుగు కొత్త చోట్లకు వెళ్లి రండి.

లైసెన్సు మరవకండి. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లకు తప్పనిసరి. మంచినీటి వేటకు రాష్ట్రవాసులకు 30 డాలర్లు. ఆరు నెలలకు పైగా వరసగా ఇక్కడ ఉంటే రాష్ట్రవాసి కిందే లెక్క. స్టేట్ పార్కు లోపల ఒడ్డు నుంచి పట్టేవాళ్లకు లైసెన్సు అక్కర్లేదు కాబట్టి, కొనకముందు ఒకసారి రుచి చూడాలనుకుంటే అక్కడికి వెళ్లండి. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను తప్పకుండా వదిలేయాలి. కొలబద్ద కూడా సామానులో భాగమే.

కిందటిసారి ఊరికి వెళ్లినప్పుడు మా బాబాయి కొడుకు కోసం రెండు రబ్బరు కప్పలు, ఒక మీడియం స్పిన్నింగ్ సెట్టు తీసుకెళ్లాను. అల్మరాలో ఊరికే పడి ఉన్నవే. ఇన్ని బతికిన కప్పలుండగా రబ్బరుది ఎందుకని వాడు నవ్వాడు. నేను తిరిగి వచ్చిన పది రోజులకు ఫోను చేశాడు. తామర చెరువులో కొర్రమీను రెండు సార్లు కొట్టిందట, రెండు సార్లూ ఆకుల కిందికి దూరి కొక్కెం వదిలించుకుందట. "కప్ప బాగుంది అన్నయ్యా. కాని నువ్విచ్చిన కర్ర మెత్తన. ఈసారి వచ్చేటప్పుడు గట్టిది తీసుకురా."